పిట్టల దిబ్బ

అవ్వ అస్థికల కుండను ఒళ్ళో పెట్టుకొని నావలో కూర్చునేసరికే నాకు అలుపొచ్చింది. రేవు మెట్లు దిగేటప్పుడు తమ్ముడు రాజేశం ఒక రెక్క, నావ నడిపే మల్లేశం ఇంకో రెక్క పట్టుకోవలసి వచ్చింది. నా మోకాళ్ళు చెప్పిన మాట వినడం మానేసి చాలా కాలమైంది. అవ్వ, అంటే మా అమ్మ, పోయినప్పటినుంచి కంటి మీద కునుకు లేదు. పెద్ద ప్రాణం పోయిన ఇంట్లో ఏడ్చే పని కంటే, వచ్చేపోయేవాళ్ళకు చాయ పెట్టే పనే ఎక్కువని నాకు ఇప్పుడే తెలిసింది. మల్లేశం నారింజ రంగు జాకెట్ ఒకటి నా చేతికిచ్చి, అది తొడుక్కోకపోతే నావ కదలనివ్వరన్నాడు. ఈ వయసులో నేను మునిగితే ఎంత, తేలితే ఎంత అన్నాను. "ఏసుకో అక్కా, ఏసుకో" అని తమ్ముడు రేవంతా వినబడేలా అరిచాడు. వాడు కోపంతో అరవలేదు. భివండిలో మరమగ్గాల నడుమ బతుకంతా గడిపి సగం చెవులు పోగొట్టుకున్నవాడు, తన మాట తనకు వినబడాలన్నా అంత గొంతు పెట్టవలసిందే.

నావ కొంత దూరం పోయాక మల్లేశం ఇంజను తగ్గించి, ఎక్కడ కలుపుతారని అడిగాడు. పారే నీళ్ళు ఎక్కడుంటే అక్కడ అన్నాడు తమ్ముడు. కర్మ చేయించిన అయ్యగారు చెప్పిందీ అదే. నేను మాత్రం పిట్టల దిబ్బ దగ్గరికి పోనిమ్మన్నాను. మల్లేశం నా ముఖం వైపు చూశాడు. "మా తాత అంటుంటే ఇన్న పంతులమ్మా. గిప్పుడు గాడ దిబ్బ లేదు. కింద బ్యారేజి కట్టినంక మునిగిపోయింది" అన్నాడు. మునిగిన చోటికే పోనిమ్మన్నాను. తమ్ముడికి ఏం వినబడిందో ఏమో, ఒడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. దిబ్బ ఉన్న చోటు ఇంకా దూరం. ఇంజను చప్పుడులో మాట్లాడే ఓపిక ఇద్దరికీ లేదు. కుండ మీద చెయ్యి వేసుకొని నేను పాత రోజుల్లోకి పోయాను.

గోదావరిని మా వైపు ఎవరూ గోదావరి అనరు, గంగ అంటారు. ఈవలి ఒడ్డు కరీంనగర్, ఆవలి ఒడ్డు ఆదిలాబాద్, నడుమ గంగ. మాది ఈవలి ఒడ్డున సాలెవాడ. ఇంటింటికీ ముందటి గదిలో ఒక గుంట మగ్గం ఉండేది. బాపు తెల్లవారకముందే ఆ గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే, అన్నం తినడానికి తప్ప లేచేవాడు కాదు. వానకాలంలో గుంటలో చెమ్మ ఊరి ఆయన పాదాలు తెల్లగా నాని ఉండేవి. ఏళ్ళ తరబడి వంగి నేసీ నేసీ, లేచి నిలబడినా నడుము లేచేది కాదు. వంగే నడిచేవాడు, పడుకున్నా ముడుచుకొనే పడుకునేవాడు. ఇల్లంతా పులిసిన గంజి వాసన. బయటినుంచి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవారు గానీ మాకది అన్నం వాసనలాంటిదే. ఇప్పటికీ ఎక్కడైనా గంజి పులిస్తే నాకు ఆకలేస్తుంది.

అవ్వ కోడి కూయకముందే లేచి పొయ్యి మీద గంజి పెట్టేది. వీధిలో నూలు పడుగు చాపి, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి దానికి గంజి పట్టించేది. తర్వాత నీళ్ళు, రొట్టెలు, పిల్లలు, మళ్ళీ బాపుకు కండెలు చుట్టడం. మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో కండె నూలు అయిపోతే మగ్గం చప్పుడు ఆగిపోయేది. అది ఆగిందంటే బాపమ్మ నోరు మొదలయ్యేది. బాపమ్మ అంటే బాపు తల్లి. గడప పక్కన రాట్నం ముందు కూర్చొని, వాడలో ఎవరి పొయ్యి ఆలస్యంగా రాజుకున్నదో, ఎవరి కోడలు మధ్యాహ్నం నడుం వాల్చిందో చెప్పగలిగే మనిషి. అవ్వ నడుం వాల్చడం నేను చూసిన గుర్తు లేదు. నేను నిద్రపోయేటప్పుడు ఆమె మెలకువగానే ఉండేది, లేచేటప్పటికీ మెలకువగానే ఉండేది. అమ్మలకు నిద్ర ఉండదని, దేవుడు వాళ్ళనట్లాగే పుట్టిస్తాడని నేను చాలా కాలం నమ్మాను.

ఏడాదికి ఒక్క దినం మాత్రం మగ్గాలన్నీ ఆగేవి. కార్తీకంలో వాన నీళ్ళ ఎరుపు తేరుకొని, గంగలో ఇసుక దిబ్బలు ఒకటొకటే బయటపడేవి. అప్పుడు వాడంతా కలిసి మల్లేశం తాత గంగారాం నావ మాట్లాడుకునేవాళ్ళం. గడబిడల కాలంలో ఆగిపోయిన ఈ పయనం, నైజాం రాజ్యం పోయిన తర్వాత మళ్ళీ మొదలైంది. పొద్దున బయలుదేరి, మొదటి దిబ్బ దగ్గర తానాలు చేసి, తర్వాత గంగ నడుమ చెట్లున్న పెద్ద నడిగడ్డ మీద వంటలు వండుకొని, ఆటలాడి, పొద్దు వాలాక వెనక్కి రావడం. అయితే మగ్గం మీద సగం నేసిన బట్ట వదిలి గంగ మీదికి పోవద్దని పెద్దల కట్టడి. అందుకని పయనానికి వారం ముందునుంచి, ఎత్తుకున్న బట్ట ముగించి కోయడానికి అందరూ రాత్రింబగళ్ళు ఒకటి చేసేవారు. ఒక్క దినం సెలవు కోసం వారం దినాలు ఒళ్ళు హూనం చేసుకోవడం అన్నమాట. నావ ఎక్కేసరికి పెద్దవాళ్ళందరూ ఆవులిస్తూ ఉండేవారు.

ఇంకో ఆనవాయితీ కూడా ఉండేది. ఏడాదికి ఒక చీర, ఇంటి ఆడదాని కోసం ఇంట్లోనే నేసేవారు. మగ్గం మీదినుంచి కోసిన ఆ చీరకు మొదటి తడుపు గంగలోనే జరగాలి. అంతకుముందు దాని మీద నీటి చుక్క పడకూడదు. గంజితో తడకలాగా బిర్రుగా ఉన్న ఆ చీరలు కట్టుకొని మా ఆడవాళ్ళు గరగరలాడుతూ నావ ఎక్కేవారు, అట్లాగే నడుము లోతు నీళ్ళలోకి దిగేవారు. గంజి కరిగేకొద్దీ సన్న చేపలు గుంపులుగా వచ్చి కొంగులు కొరికేవి. పిల్లలం వాటిని దోసిళ్ళతో పట్టబోయేవాళ్ళం. గంగారాం మాత్రం గడ కర్ర మీద గడ్డం ఆనించి ఏటేటా ఒకే మాట చెప్పేవాడు, "కింది మడుగుల మొసలి ఉన్నది బిడ్డా, నడుము దాటి పోకుండ్రి" అని. ఆ మొసలిని మేమెవరం చూడలేదు.

బాపుకు ఈత రాదు. మా వాడలో మగవాళ్ళెవరికీ రాదు, గుంటలో కూర్చునేవాళ్ళకు ఈత ఎవరు నేర్పుతారు? కానీ ఆయన రొమ్ముదాకా నీళ్ళున్న చోట ఇద్దరి చేతుల మీద వెనక్కి వాలి, నీటి మీద వెల్లకిలా పడుకునేవాడు. మెల్లగా ఆయన నడుము సాగేది. బాపు నిటారుగా ఉండగా చూడాలంటే మాకు ఏడాదికి అదొక్కటే సందర్భం. కళ్ళు మూసుకొని, చెవుల్లోకి నీళ్ళు పోతున్నా కదలకుండా, ఎంతో పొడుగు మనిషిలా కనిపించేవాడు. తర్వాత వెచ్చటి ఇసుక మీద తువ్వాల ముఖానికి కప్పుకొని పడుకుంటే వంట అయ్యేదాకా లేచేవాడు కాదు. మగవాళ్ళందరిదీ అదే తీరు. ఆ నడిగడ్డ మీద పిల్లల అరుపులు, మగవాళ్ళ గురకలు, ఆడవాళ్ళ గరిటెల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడేది కాదు.

అవ్వకు మాత్రం ఈత వచ్చు. ఆమె పుట్టిల్లు ఆవలి ఒడ్డున, ఖానాపూర్ దిక్కు, గంగకు ఆనుకొనే ఉండేది. వీపుకు సొరకాయ బుర్ర కట్టుకొని నేర్చుకున్నదట. మనువై వచ్చాక నడుము లోతు దాటనివ్వలేదు బాపమ్మ. కోడలు పిల్ల మగవాళ్ళ ముందర నీళ్ళల్లో ఎగురుడేందని ఆమె పట్టు. అయినా పెద్ద నడిగడ్డ మీద రాళ్ళ పొయ్యి ముందు కూర్చున్నప్పుడు అవ్వ చూపు ఒక్క చోటే ఉండేది. నడిగడ్డకు ఎదురుగా, లోతైన పాయ అవతల, గడ్డి కూడా మొలవని చిన్న ఇసుక దిబ్బ. దాని మీద పిట్టలు తప్ప ఏమీ వాలేవి కావు. "ఒక్కపారన్న గా పిట్టల దిబ్బ మీదికి పోవాలె బిడ్డా" అనేది నాతో. అక్కడేమున్నదని అడిగితే, "ఏం లేదు. ఏం లేదనే పోవాలె" అని పప్పు ఎనిపేది. ఏటేటా అదే మాట. ఏటేటా వంట, వడ్డింపు, బగోనలు తోమడం అయ్యేసరికి గంగారాం నావ ఎక్కుండ్రని కేకేసేవాడు.

నేను ఊరి బడి ముగించబోతున్న ఏడు, వానకాలంలో బాపమ్మకు జ్వరం పట్టి మంచం దిగలేదు. అవ్వ ఆమెను ఎత్తుకొని దొడ్లోకి తీసుకుపోయేది, ఎత్తుకొని తెచ్చేది. నోట్లో జావ పోసేది. నడుమ మగ్గం ఆగనివ్వకుండా కండెలు చుట్టేది. పండుగలప్పటికి బాపమ్మ లేచి కూర్చున్నది గానీ నోరు మునుపటిలా లేదు. కోడల్ని తిట్టడం మొదలుపెట్టి నడుమ ఆగిపోయేది. అదే ఏడు రంగు నూలు దొరక్క బాపు జమ్మికుంట నుంచి ఎర్ర రంగు పొడి తెచ్చి, అవ్వ చీరకు నూలు తానే ఇంట్లో అద్దాడు. దొడ్లో బగోన పెట్టి కాచి, మోదుగుపువ్వులాంటి ఎరుపు తేల్చాడు. చీర కోసిన నాడు వాడంతా చూడటానికి వచ్చింది. బాపమ్మ కొంగును గోటితో గీకి "రంగు నిలుస్తదారా?" అన్నది. "నిలువక ఏడికి పోతదే అవ్వా" అన్నాడు బాపు, నవ్వుతూ. ఒక్క చెంబు నీళ్ళు పోసి చూస్తే తేలిపోయేది. కానీ మొదటి తడుపు గంగలో కావాలాయె.

ఆ ఏడు మొదటి దిబ్బ దగ్గర నీళ్ళు చాలక మగవాళ్ళు, పిల్లలు తానాలు చేశారు గానీ ఆడవాళ్ళు దిగలేదు. కొత్త చీరల తడుపు పెద్ద నడిగడ్డ దగ్గరే అనుకున్నారు. నడిగడ్డ చేరగానే బాపు అక్కడి నీటి మీద కాసేపు వాలి, తర్వాత ఇసుక మీద పడుకున్నాడు. అవ్వ రాళ్ళు పేర్చి పొయ్యి పెడుతుంటే బాపమ్మ కర్ర ఊతంతో వచ్చి పక్కన కూలబడ్డది.

"ఏమే పిల్లా, ఎన్నేండ్లసంది గా దిబ్బ దిక్కు సూస్తవు? పో" అన్నది.

అవ్వకు అర్థం కాలేదు. "వంట ఎవలు సేస్తరత్తా?" అన్నది.

"నేను సచ్చిన్నా? పప్పు నేను ఎనుపుత. మల్ల నా మనసు మారకముందే పో."

అవ్వ చేతుల ఇసుక దులుపుకొని బాపు దగ్గరికి పోయింది. చెప్పడానికే పోయి ఉంటుంది. ఆయన తువ్వాల కింద గురక పెడుతున్నాడు. వారం దినాలుగా నిద్ర లేని మనిషి. అవ్వ కాసేపు నిలబడి, "పండుకోనీ, లేపకు" అని నాతో మెల్లగా చెప్పి, చీర గోచి పెట్టి నీళ్ళలోకి దిగింది. నడుము లోతు దాటింది. రొమ్ము లోతు దాటింది. తర్వాత తల ఒక్కటే కనిపించింది. అవ్వను అట్లా నేనెప్పుడూ చూడలేదు. చప్పుడు చేయకుండా, నీళ్ళు చెదరకుండా పోతున్నది. సన్న చేపలు ఆమె వెంటబడ్డాయి. నేను, రాజేశం ఒడ్డు వెంట పరుగెత్తాము.

పాయ నడుమకు చేరేసరికి ఆమె వెనక నీళ్ళు ఎర్రబడటం మొదలైంది. మొదట సన్నని తాడులా ఉన్న ఎరుపు చూస్తుండగానే చాపంత అయింది. అవ్వకు తెలియదు, ఆమె ముఖం దిబ్బ వైపు ఉన్నది. పొయ్యిల దగ్గరినుంచి ఎవరో "మొసలి" అని కేక పెట్టారు. ఆ ఒక్క మాటతో నడిగడ్డంతా లేచింది. బాపు లేచాడు, నీళ్ళను చూశాడు, నడుమ ఉన్న తలను చూశాడు. ఆ వంగిన మనిషి ఎట్లా అంత నిటారుగా పరుగెత్తాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరు పట్టుకున్నా ఆగలేదు. తనకు ఈత రాదన్న సంగతి గుర్తులేనట్టే లోతులోకి పోయి, రెండుసార్లు చేతులెత్తి, మునిగిపోయాడు.

అరుపులకు అవ్వ వెనక్కి తిరిగింది. అప్పటికి దిబ్బ ఆమెకు చెయ్యి చాపితే అందేటంత దగ్గర్లో ఉన్నది. అది నేను చూశాను. ఒక్కసారి దిబ్బ వైపు చూసి, వచ్చిన దారినే వెనక్కి ఈది, మునిగి, బాపును జుట్టు పట్టుకొని లాక్కొచ్చింది. గంగారాం నావ చేరేలోపే ఒడ్డున వేసింది. బాపు నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచి, ఆమె కాళ్ళు తడిమాడు. "ఏడ కరిసింది? ఏడ కరిసిందే?" అన్నాడు. అవ్వ రొప్పుతూ, "మొసలి లేదు, గిసలి లేదు. నువ్వేసిన రంగు" అన్నది. చూస్తే బాపు ధోవతి కూడా గులాబీ రంగుకు తిరిగింది. ముందు బాపమ్మ నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. బాపు ఒక్కడే నవ్వలేదు. అవ్వ మడమను గట్టిగా పట్టుకొని అట్లాగే కూర్చున్నాడు. వాడలో చాలా కాలం ఆయన్ని మొసలి సాలెన్న అని పిలిచారు. ఆ చీర మచ్చలు మచ్చలుగా వెలిసిపోయి, మాకు బొంత అయింది.

బాపు ఆమెను మళ్ళీ నీళ్ళలోకి పోవద్దని ఎన్నడూ అనలేదు. ఆ మాట ఆయన పట్ల న్యాయంగా చెప్పాలి. కానీ మరుసటి ఏడు ఆయన ఇసుక మీద పడుకోలేదు. ఒడ్డున గొంతుక్కూర్చొని నీళ్ళనే చూస్తూ ఉన్నాడు, కళ్ళు మూతలు పడుతుంటే ముఖం మీద నీళ్ళు చల్లుకున్నాడు. బాపమ్మ "పోతవా పిల్లా?" అని అడిగింది. అవ్వ ఆయన వైపు చూసి వద్దన్నది. వద్దన్నాక కూడా ఆయన కాసేపు నమ్మలేదు. ఆమె పొయ్యి ముందు కూర్చొని, రొట్టె పిండి చేతికి అంటించుకున్న తర్వాతనే తువ్వాల కప్పుకొని పడుకున్నాడు. అప్పటినుంచి ప్రతి ఏడూ అదే వరుస. ఎందుకు పోవని నేను కోప్పడితే, "నేను పోతే నీ బాపుకు నిద్ర ఉండదు బిడ్డా. ఏడాదికి ఒక్క దినం పండుకుంటడు, గది కూడ పాడు సేయాల్నా?" అన్నది. ఆ వయసులో నాకు ఆ జవాబు నచ్చలేదు. చాలా రోజులు బాపుతో మాట్లాడకుండా ఆయన మీద కోపం పెట్టుకున్నాను. ఇప్పుడు ఎవరి మీద పెట్టుకోవాలో తెలియదు. కోపం పెట్టుకోవడానికి కూడా ఓపిక ఉండాలి.

తర్వాత బాపమ్మ పోయింది. గుంట మగ్గం బట్ట అడిగేవాడు లేక ఒక్కొక్క ఇల్లూ భివండికీ షోలాపూర్‌కూ కదిలింది. నావకు సరిపడా మనుషులు లేక కార్తీక పయనం ఆగిపోయింది. ఆగిపోతున్నదని ఎవరూ అనలేదు, ఒక ఏడు పోలేదు, మరుసటి ఏడు అడగలేదు. బాపు పోయాక అవ్వ నా దగ్గరికి వచ్చింది. నేను బడికి పోవడం, పరీక్ష పేపర్లు దిద్దడం, పిల్లల్ని పెంచడం, ఆమె నా పిల్లల కోసం మళ్ళీ కోడి కూయకముందే లేవడం. ఇప్పుడు మా ఇంట్లో పరుపులున్నాయి, ఫ్యాన్లున్నాయి, వారానికొక ఆదివారం ఉన్నది. అయినా ఆ ఇసుక మీద మగవాళ్ళు పడుకున్నంత నిద్ర మా ఇంట్లో ఎవరూ పోగా నేను చూడలేదు. ఆడవాళ్ళ సంగతంటారా, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అందులో మార్పేమీ రాలేదు.

మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ అడిగాను. "అవ్వా, పిట్టల దిబ్బ మీదికి పోతే ఏం సేద్దువు?"

అడిగినందుకు ఆశ్చర్యపోయినట్టు చూసింది. "పండుకుందును" అన్నది.

"గంతేనా?"

"గంతే. ఇంట్ల పండుకుంటే ఎవలో ఒకలు లేపుతరు. ఆడికి ఈతరానోళ్ళు ఎవ్వలు రారు గద బిడ్డా."

ఈత ముచ్చట అని, పుట్టింటి బెంగ అని ఇన్నాళ్ళూ నేనేవేవో అనుకున్నాను. ఆమెకు కావలసింది ఒక్క పూట నిద్ర. ఆ మాట చెప్పి అవ్వ కళ్ళు మూసుకున్నది. పది నిమిషాలు కాకముందే మందుకు వేళైందని నేనే లేపాను.

మల్లేశం ఇంజను ఆపాడు. ఇదే చోటు అయి ఉండాలన్నాడు. ఆవలి ఒడ్డు గుట్టను గుర్తు పెట్టుకొని వాళ్ళ తాత చెప్పేవాడట. దిబ్బ లేదు, నడిగడ్డ లేదు, పాయ లేదు. ఎటు చూసినా కదలని నీళ్ళు. నావ కూడా ఎక్కడ ఆగిందో అక్కడే ఉన్నది. తమ్ముడు వంగి చెయ్యి నీళ్ళలో పెట్టి చూశాడు.

"ఈడ నీళ్ళు పారుతలేవక్కా" అన్నాడు, ఎప్పటిలాగే పెద్ద గొంతుతో. "పారే నీళ్ళల్ల కలుపుమన్నడు గద అయ్యగారు. ఈడ కలిపితే ఏడికి పోదు, ఈడనే ఉంటది."

నేను వాడి చెవి దగ్గరికి వంగాను. "ఉండనీ తమ్మీ. జర పండుకోనీ" అన్నాను.

వాడు తడి చెయ్యి ధోవతికి తుడుచుకొని నా దగ్గరికి జరిగాడు. కుండ మూతికి కట్టిన గుడ్డ ముడి ఇద్దరం కలిసి విప్పాము.